నౌపడ సారుకు అన్నీ తెలుసనుకుని

ఆదివారం ఉదయం ఆరూ నలభైకి విజయనగరం స్టేషన్‌లో పలాస పాసింజరు ఎక్కాను. నౌపడకు టికెట్టు ముప్ఫై రూపాయలు. ఆదివారం కాబట్టి ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు లేరు, కిటికీ పక్కన చోటు దొరికింది. ఈ దారిన వెళ్ళేవాళ్ళు కుడివైపు కూర్చోవాలి. కోటబొమ్మాళి దాటాక ఉప్పు మడులు ఆ వైపే కనిపిస్తాయి.

నేను విశాఖపట్నం విమానాశ్రయంలో ఒక విమానాల కంపెనీ కౌంటర్లో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. ప్రయాణికుల సామాను తూచి, బోర్డింగ్ పాసు చేతికివ్వడం నా పని. కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఒకప్పుడు మాకు రోజూ ఆరు విమానాలు వచ్చేవి. ఆ ప్రయాణం నాటికి ఒక్కటే వస్తోంది, అదీ వస్తే వచ్చినట్టు.

శుక్రవారం సాయంత్రం అందరికీ ఒక మెయిల్ వచ్చింది. హైదరాబాద్‌కు బదిలీ, లేదా విమానాలు పెరిగేదాకా జీతం లేని సెలవు. రెండిట్లో ఏది కావాలో సోమవారం పదింటిలోగా తెలియజేయాలి. ఏదీ చెప్పనివాళ్ళు రాజీనామా చేసినట్టు భావిస్తారు. కింద సంతకం దగ్గర 'యాజమాన్యం' అని మాత్రమే ఉంది, మనిషి పేరు లేదు.

మా ఆయనకు విజయనగరం గంటస్తంభం దగ్గర టైలరింగ్ షాపు. పాప ఎనిమిదో తరగతి. హైదరాబాద్ అంటే నేనొక్కదాన్నే వెళ్ళాలి. సెలవు తీసుకుంటే ఇంట్లోనే ఉండొచ్చు కానీ, కంపెనీ బతికి బట్టకడితేనే ఆ సెలవుకు అర్థం ఉంటుంది. కంపెనీ బతుకుతుందా లేదా అన్నది ఎవరికైనా తెలిసి ఉంటే అది ధర్మారావు గారికే తెలియాలని మా కౌంటర్లో అందరి నమ్మకం.

ధర్మారావు గారు విమానాశ్రయంలో మా కంపెనీ పనంతా చూసుకునే స్టేషన్ మేనేజర్. ఇరవై రెండేళ్ళ సర్వీసు. నాలుగు నెలల క్రితం ఒక ఉదయం రాజీనామా పంపి, వీడ్కోలు సభైనా లేకుండా సొంత ఊరు నౌపడ వెళ్ళిపోయారు. లోపలి సంగతేదో తెలిసిపోయింది కాబట్టే వెళ్ళారని మేమంతా అనుకున్నాం. తర్వాతి ఆరు వారాల్లో పద్నాలుగు మంది ఆయన వెనకే మానేశారు. శనివారం ఫోన్ చేసి వస్తామంటే, "రండమ్మా, భోజనానికి రండి" అన్నారు.

ముందే అనుకున్నట్టు ఏడూ పదికి గరివిడిలో అప్పలనాయుడు ఎక్కాడు. విమానాలు నిలిపే బే దగ్గర, వాటి నిర్వహణ విభాగంలో టెక్నీషియన్. వయసు ఇరవై తొమ్మిది. వాళ్ళ నాన్న అక్కడి ఫెర్రో ఎల్లాయిస్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. నాయుడు రాత్రంతా నిద్రపోయినట్టు లేడు. కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"అక్కా, అయిపోనాది. మన బేలో ఆగిపోయిన విమానం ఉన్నాది సూడు, దానిలో సామాన్లు ఒకటొకటీ ఇప్పి ఎగిరేవాటికి బిగించమంటన్నారు. మళ్ళీ ఎగరాల్సిన దాన్ని ఎవులైనా అలగ ఇప్పుతారేటి?"

"మరి పోయిన నెల కొత్త యూనిఫారాలకు కొలతలెందుకు తీసుకున్నార్రా? మూసేసే వాళ్ళకి యూనిఫారాలెందుకు?"

"కొలతలకి ఖర్చేటి అక్కా, టేపుంటే సాలు."

మా ఆయన కూడా అదే అన్నాడు. కొలతలిచ్చి బట్ట కొననివాళ్ళను పాతికేళ్ళుగా చూస్తున్నాడట.

చీపురుపల్లిలో ఇడ్లీ పొట్లాలు కొన్నాం. తింటూ మిగతా ఊహలన్నీ ఒక్కొక్కటే బయటకు తీశాం. ఆరు నెలల తర్వాతి టికెట్లు సగం ధరకు అమ్ముతున్నారు. అది ధీమానా, చేతిలో డబ్బు లేకనా? భోగాపురంలో కొత్త విమానాశ్రయం కడుతున్నారు కదా, అది తెరిచేదాకా ఎలాగో నెట్టుకొచ్చి, అప్పుడు మంచి ధరకు ఎవరికైనా అమ్మేయాలని చూస్తున్నారని మా కార్గో విభాగం వాళ్ళ సిద్ధాంతం. యజమాని అన్నదమ్ములకు పడక ఇదంతా జరుగుతోందని క్యాంటీన్‌లో టీ పోసే మనిషి అభిప్రాయం. పొందూరు వచ్చేసరికి కంపెనీ మా మాటల్లో మూడుసార్లు మూతపడి రెండుసార్లు తెరుచుకుంది.

ఎనిమిదీ ఇరవైకి శ్రీకాకుళం రోడ్‌లో ఒక చేపలమ్మే ఆవిడ ఖాళీ గిన్నెలతో ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. భావనపాడు మనిషి. కాసేపు మా మాటలు వింది. తిలారు దాటాక నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఎవులమ్మా, మీ నాన్నా? ఏ ఆస్పత్రిలో ఉన్నాడు?"

నాకు అర్థం కాలేదు. "ఉంటాదా, పోతాదా అంటన్నారు కదా పొద్దున్నుంచీ" అంది. కంపెనీ గురించని చెబితే ఆవిడ చెయ్యి తీసేసింది. "కంపినీకా! ఇంత ఏడుపు మొగాలేటి మరి!" అని నవ్వేసింది. నాయుడు నవ్వలేదు.

తొమ్మిదీ నలభై ఐదుకు నౌపడలో దిగాం. ఆటోలో పది నిమిషాలు. ధర్మారావు గారు ఇంట్లో లేరు. వాళ్ళావిడ వంటింట్లోంచి బయటకు వచ్చి, మడుల దగ్గరున్నారని దారి చూపించారు. గట్టు వెంట నడిచాం. రెండు పక్కలా ఎండకు కళ్ళు చెదిరే తెల్లదనం. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు లేకుండా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు లుంగీ పైకి కట్టి, పొడవాటి కర్రపలకతో ఉప్పు గట్టుకు లాగుతున్నారు. బావమరిదితో కలిసి నాలుగు మడులు కౌలుకు తీసుకున్నారట. ఆఫీసులో పుస్తకం చదివినట్టు మాట్లాడే మనిషి మమ్మల్ని చూడగానే, "ఏటమ్మా పార్వతీ, ఇంత ఎండలో గట్టు మీదికి వచ్చీసినారు" అన్నారు.

తాటాకు పాకలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. నేను మెయిల్ చూపించి నేరుగా అడిగాను. "సార్, కంపెనీ ఉంటుందా? మీకు తెలిసే కదా వచ్చేశారు. మాక్కూడా చెప్పండి. రేపు పదింటికి జవాబివ్వాలి."

ఆయన ఫోన్ నాకు తిరిగిచ్చి, నాయుడు వైపు చూశారు.

"నాకేటి తెలుసమ్మా! నాకు తెలిసిందల్లా వీడు సెప్పిందే."

నాయుడు తలెత్తాడు. "నానా? నానేటి సెప్పినాను సార్?"

"ఆ విమానం ఆగిపోయిన వారం. రాత్రి డ్యూటీ దిగి బే దగ్గర నిలబడినావు. ఎప్పుడెగురుతాదిరా అని అడిగినాను. 'ఇది ఇంక ఎగరదు సార్, మనమూ ఇంకో పని సూసుకోడమే' అన్నావు. టెక్నీషియన్‌వి, సేత్తో ముట్టుకున్నోడివి. నీకు పైనుంచి ఏదో ఆర్డరు వచ్చి ఉంటాదనుకున్నాను. హెడ్డాఫీసుకి రెండుసార్లు ఫోన్ సేసినాను. అంతా బాగున్నాది అన్నారు. వాళ్ళలగ అనీసరికి నువ్వన్నదే నిజమనిపించింది. మూడో రోజున కాగితం పెట్టీసినాను."

నాయుడు లేచి నిలబడ్డాడు. "సార్, ఆ పూట నాకు నిద్ర లేదు. ఇసుగొచ్చి అన్నాను. నాకు ఆర్డరేటీ రాలేదు. మీరు ఎలిపోయినాక కదా, నిజంగానే అయిపోనాదని నాను నమ్మింది!"

దూరంగా మడిలో ధర్మారావు గారి బావమరిది పలకతో గీస్తున్న చప్పుడు వినబడుతోంది. ధర్మారావు గారు నాయుడిని తిట్టలేదు. "నువ్వొక్క ముక్కే అన్నావు. మిగతాదంతా నానే అల్లుకున్నాను" అన్నారు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం గురించి ఆయన అన్నది అంతే.

అప్పుడు నేను అనకుండా ఉండవలసిన మాట అన్నాను. "మిమ్మల్ని చూసి పద్నాలుగు మంది మానేశారు సార్."

ఈ సంగతి ఆయనకు తెలియదు. సిగ్గేసి ఎవరికీ ఫోన్ చెయ్యలేదట. ఎవరెవరని అడిగారు. నేను పేర్లు చెబుతుంటే ఒక్కొక్క పేరు దగ్గరా ఆగి, ఇప్పుడేం చేస్తున్నారని అడిగారు. లోడింగ్‌లో ఉండే సింహాద్రి రాజాంలో ఆటో నడుపుతున్నాడని చెబితే, "ఆడికి వీపు నొప్పి కదా" అన్నారు. ఏడుగురి సంగతి నాకు తెలుసు. మిగతా ఏడుగురి సంగతి తెలియదు. ఆయన లేచి పాక బయటకు వెళ్ళి కాసేపు మడుల వైపు తిరిగి నిలబడ్డారు.

తిరిగొచ్చి, "ఉండండి, ఒక మనిషిని అడుగుదాం" అని ఫోన్ తీశారు. హెడ్డాఫీసులో ఉద్యోగుల వ్యవహారాలు చూసే పాత మిత్రుడు. మేమూ వినడానికి స్పీకర్ పెట్టారు.

"ధర్మా! ఎన్నాళ్ళకి!" అన్నాడు అవతలి మనిషి. ఈయన ఇంకా ప్రశ్న పూర్తి చేయలేదు. అవతలి గొంతు తగ్గింది. "నేనే నీకు చేద్దామనుకుంటున్నాను. నువ్వు వెళ్ళిపోయావంటే ఏదో తెలిసే ఉంటుందని ఇక్కడ మా అంతస్తులో అందరూ అంటున్నారు. పాత పరిచయం కొద్దీ అడుగుతున్నాను, నేను కూడా వేరేది వెతుక్కోనా?"

ధర్మారావు గారు ఆయనకేమి చెప్పారో రాయనవసరం లేదు. మాకు చెప్పిందే చెప్పారు. అవతలి మనిషి నమ్మినట్టు లేదు.

పన్నెండున్నరకు భోజనం. పండుగప్ప పులుసు, మామిడికాయ పప్పు. ధర్మారావు గారి ఆవిడ మాకు కొసరి కొసరి వడ్డించారు. ఆయన తక్కువ తిన్నారు. బయలుదేరే ముందు నాయుడు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టబోతే, భుజం పట్టుకుని లేపి, "నీ పని నువ్వు బాగా సేత్తావురా. అది మానీకు" అన్నారు. నాతో, "పార్వతీ, కంపినీ ఉంటాదో లేదో అడక్కు. నీకు ఆ పని కావాలో వద్దో సూసుకో" అన్నారు. ఆ రోజు మొత్తంలో నాకు పనికొచ్చిన మాట అదొక్కటే.

రెండూ యాభైకి తిరుగు పాసింజరు. కోటబొమ్మాళి వచ్చేదాకా నాయుడు కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఫోన్ తీసి, మానేసినవాళ్ళలో తనకు తెలిసిన నంబర్లకు వరసగా చేయడం మొదలుపెట్టాడు. మొదటి ఫోన్ సింహాద్రికే. "అన్నా, నాయుడిని. అప్పట్లో కంపినీ పోతాదని సారు ఎలిపోనారు కదా, ఆయనకేటీ తెలీదన్నా. నాను నోరు జారినాను, అంతే." అవతల ఏమన్నారో నాకు వినబడలేదు. శ్రీకాకుళం రోడ్ వచ్చేసరికి నలుగురితో మాట్లాడాడు. ఒకరు పెట్టేశారు. అయినా ఐదో నంబరు నొక్కాడు.

పొందూరు దాటాక నేను మా ఆయనకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పి, నాకు కౌంటర్లో నిలబడడం ఇష్టమని, హైదరాబాద్ వెళ్తానని అన్నాను. అవతల కుట్టుమిషన్ ఆగిన చప్పుడు వినిపించింది. "పాపకి నువ్వే చెప్పు, నేను చెప్పలేను" అన్నాడు. ఆ మాటను ఒప్పుకోలుగా తీసుకుని, రైలు సిగడాంలో ఆగినప్పుడు మెయిల్‌కు జవాబు పంపించాను. సాయంత్రం ఐదుకు నాయుడు గరివిడిలో దిగాడు. చెవి దగ్గర ఫోన్ అలాగే ఉంది.

నౌపడ వెళ్ళిరావడానికి ఒక్క రోజు చాలు. ఉప్పు మడులు ఉదయం పూటే చూడాలి, మధ్యాహ్నానికి కళ్ళు నిలవవు. మేము వెళ్ళిన పని గురించి చెప్పాలంటే, హెడ్డాఫీసు నుంచి బే దాకా ఎవరికీ ఏమీ తెలియదని, ఒకరి మొహం చూసి ఇంకొకరు నిర్ణయాలు తీసుకుంటున్నారని తెలుసుకుని వచ్చాం. యాజమాన్యం వ్యూహం ఏమిటో నాకు ఈ నాటికీ తెలియదు.

ఐదూ నలభైకి విజయనగరంలో దిగి ప్లాట్‌ఫారం మీద నడుస్తుండగా సుజాత ఫోన్ చేసింది. కౌంటర్లో నా పక్క సీటు అమ్మాయి.

"అక్కా, వెళ్ళారట కదా! సారు ఏమన్నారు?"

"ఆయనకేమీ తెలియదు సుజాతా."



"అంటే మీక్కూడా చెప్పలేదన్నమాట" అంది మెల్లగా. "అయితే నిజంగానే అయిపోయినట్టే కదక్కా."