లోయ మొదట్లో ఉన్న రిజిస్టర్

దయ్యాలను నేను నమ్మను. నమ్మేవాళ్ళంటే మరీ చులకన. చిన్నప్పుడు తెనాలిలో పూనకం వచ్చి ఊగుతున్న ఒకావిణ్ణి "నిమ్మకాయలు డజను ఎంతకు కొన్నావమ్మా" అని అడిగి, మా నాన్న చేత నలుగురిలో దెబ్బలు తిన్నవాణ్ణి. ఇది చదివి నన్ను కూడా ఆ బాపతులో కలిపేయకండని ముందే చెబుతున్నాను.

అవి వైటూకే రోజులు. అమీర్‌పేటలో మూడు నెలలు కోబాల్ నేర్చుకున్న ప్రతివాడూ విమానం ఎక్కేస్తున్నాడు. నేనూ ఎక్కి అడిలైడ్‌లో దిగాను. రెండువేల సంవత్సరం వచ్చేలోగా పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం మా పని. దానికే ప్రపంచాన్ని ఉద్ధరిస్తున్నట్టు టై కట్టుకుని తిరిగేవాళ్ళం. మా టీమ్‌లో తేదీ ఎక్కడ రాసినా ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, మధ్యలో గీతా చుక్కా లేకుండా ఎనిమిది అంకెలు వేయాలి. అది ఎంత అలవాటైందంటే, ఇంట్లో ఇడ్లీ పిండి డబ్బా మీద కూడా నేను అలాగే రాసేవాణ్ణి.

నా రూమ్మేట్ సత్తిబాబుది అమలాపురం వైపు. ఆఫీసులోనూ నా పక్క సీటే. పెళ్ళై ఏడు నెలలైంది, భార్యకు ఇంకా వీసా రాలేదు. కంప్యూటర్‌కు బొట్టు పెట్టి గానీ పని మొదలుపెట్టేవాడు కాదు. బొట్టు పెడితే బగ్గులు పోతాయా అని రోజూ ఏడిపించేవాణ్ణి. నవ్వేసి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది.

ఒక లాంగ్ వీకెండ్‌కు అద్దె కారు తీసుకుని ఇద్దరం ఫ్లిండర్స్ కొండలకు వెళ్ళాం. నది ఒడ్డున క్యాంపింగ్ అన్నారు. తీరా చూస్తే అక్కడ నదంటే ఇసుక, గుండ్రాళ్ళు, మధ్యలో లావుపాటి యూకలిప్టస్ చెట్లు. నీటి చుక్క లేదు. సత్తిబాబు గ్యాస్ స్టవ్ వెలిగించి ఉప్మా చేశాడు. అంత దూరం వచ్చి ఉప్మా తినడమేమిటని సణుగుతూ రెండుసార్లు వడ్డించుకున్నాను. కారు వెనక సీట్లు మడిచి అందులోనే పడుకున్నాం.

పొద్దున తొమ్మిదింటికి లోయలోకి బయలుదేరాం. నడక మొదలయ్యే చోట ఒక చెక్కపెట్టె, అందులో రిజిస్టర్ ఉన్నాయి. పేర్లు, కారు నంబరు, ఎంతమంది, ఏ దారి, తేదీ, ఎప్పటికి తిరిగొస్తారు, అన్నీ రాయాలి.

"రాసేసెళ్దామండీ, ఓ పనైపోద్ది," అన్నాడు సత్తిబాబు.

పెళ్ళిలో చదివింపులు రాయించినట్టు ఇదేం తంతు అని వెక్కిరించాను. దారం కట్టి వేలాడదీసిన పెన్ను అరచేతిలో గీసి చూశాను, పడలేదు. మంచి సాకు దొరికింది. పెట్టె నేనే మూశాను. అప్పటికే సత్తిబాబు ముందు నడుస్తున్నాడు. తర్వాత మా ఇద్దరిలో ఎవరమూ ఒక్కసారి కూడా ఆ పెట్టె దగ్గరకు వెనక్కి పోలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఎర్రటి రాతిగోడల మధ్య గంటన్నర నడిచాక లోయ రెండుగా చీలింది. బాణం గుర్తు కుడివైపు ఉంది. నేను ఎడమకు పోదామన్నాను.

"బాణం ఇటు చూపిత్తంది కదండీ గురువుగారూ."

బాణాలు గొర్రెలకు అన్నాను. పిరికిపంద అని కూడా అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పాపం, వెనకే వచ్చాడు.

కొంత దూరం పోయాక రెండు తెల్లమాను చెట్లు ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. వాటి కిందే సత్తిబాబు కాలికింద రాయి దొర్లింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. సెల్‌ఫోన్ అక్కడ పనిచేయదు. ఇక్కడివాళ్ళు వసంతం అంటారు గానీ మన మే నెల ఎండ. మిగిలింది ఒక్క సీసా నీళ్ళు.

"మీరు నడవాలి కదండీ, అట్టుకెళ్ళండి. నేనెక్కడికి పోతాను?" అని సీసా నా చేతిలో పెట్టాడు.

తీసుకున్నాను. వద్దనలేదు. దీన్ని ఎన్నిసార్లు తల్చుకున్నా సిగ్గుగానే ఉంటుంది.

బయటపడటానికి రెండు గంటలు చాలు. నేను దారి తప్పాను. ప్రతి గోడా ఒకేలా ఉంది. ఒకే బండ దగ్గరకు రెండుసార్లు వచ్చాను. నీళ్ళు అయిపోయాయి. సత్తిబాబు భార్యకు ఫోన్ చేసి ఏమని చెప్పాలా అని వాక్యాలు కూర్చుకుంటూ నడిచాను. ఒక్కటీ కుదరలేదు.

పొద్దువాలుతుండగా కారు దగ్గరకు చేరాను. అక్కడ రేంజర్ బండి ఉంది. దాని వెనక సత్తిబాబు, కాలికి బద్దలు కట్టించుకుని, నీళ్ళు తాగుతున్నాడు. నన్ను చూసి బావురుమన్నాడు.

"వచ్చేశారాండీ! మీకేదో అయిపోయిందనుకున్నానండీ!"

రేంజర్ యాభై ఏళ్ళు దాటిన ఆవిడ. "నిన్ను తిట్టాలి. కానీ రాసి వెళ్ళావు కాబట్టి వదిలేస్తున్నా," అంది. పదింటికి రిజిస్టర్ చూసిందట. పన్నెండుకు తిరిగొస్తామని ఉందట. రెండైనా రాకపోయేసరికి నేరుగా ఎడమ పాయలోకి వెళ్ళిందట.

నేనేమీ రాయలేదన్నాను. ఎండదెబ్బ అనుకుని నా చేతిలో ఇంకో సీసా పెట్టింది. తర్వాత పెట్టె తెరిచి చూపించింది.

నీలం సిరాతో, పెద్దక్షరాల్లో మా ఇద్దరి పేర్లు, అద్దె కారు నంబరు, మనుషులు ఇద్దరు. ఎడమ పాయ, వాలిన రెండు చెట్ల దగ్గర. తేదీ ఎనిమిది అంకెలు, సంవత్సరం ముందు.

పదింటికే అది పుస్తకంలో ఉంది. ఎడమకు తిరగాలన్న బుద్ధి నాకు పుట్టింది పదిన్నరకు. ఆ చెట్లు ఉన్నాయని అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

తిరిగొచ్చినట్టు కింద రాయమని తన పెన్ను ఇచ్చింది. రాశాను. అలవాటుగా ఎనిమిది అంకెలు పడ్డాయి. తొమ్మిదికి నేను తోక ఎడమకు వంచుతాను. పై వరుసలో ఉన్న తొమ్మిదులకూ అదే వంకర. వేలాడే పెన్నుతో మళ్ళీ గీసి చూశాను. పడలేదు.

సత్తిబాబు అదంతా అన్నవరం సత్యనారాయణస్వామి దయ అంటాడు. ఆ స్వామికి నా దస్తూరీతో ఇంగ్లీషులో రాయాల్సిన ఖర్మేమిటని ఇప్పటికీ దెప్పుతాను. తను ఇప్పుడు సిడ్నీలో, కెల్లీవిల్‌లో ఉంటాడు. చలికాలంలో కొంచెం కుంటుతాడు. ఎడమకు తిరుగుదామన్నది ఎవరో ఇంతవరకూ భార్యకు చెప్పలేదు.

నాకు దయ్యాల మీద చులకన అలాగే ఉంది. కాకపోతే, ఎక్కడ నడకకు వెళ్ళినా నా పేరు రాయబోయే ముందు ఆ పేజీ అంతా ఒకసారి చదువుతాను, అది అప్పటికే అక్కడ ఉందేమోనని. ఉంటే ఏం చేస్తానో నాకు తెలియదు.