ఆకాశంలోకి పేల్చే తూటా

చెరుకు తోట పక్కనుంచి వెళ్తే నేను ఇప్పటికీ ఊరుకోలేను. "ఎవరక్కడ?" అని అరుస్తాను. మనవలు నవ్వుతారు. నవ్వుకోనీ.

మా మావగారికి ఇంగ్లండు నుంచొచ్చిన రెండు గొట్టాల సీమ తుపాకీ ఉండేది. చోడవరంలో లైసెన్సున్న తుపాకులు అప్పట్లో ఎన్నో లేవు. చీడికాడ కొండల నుంచి తోటల మీద పడే అడవిపందులు మాత్రం మందలకు మందలు. తోటలో అలికిడైతే మావగారు ముందు ఒక తూటా ఆకాశంలోకి పేల్చేవారు. లోపల మనిషి ఉంటే "నేను బాబూ!" అని కేకేస్తారు. ఎవరూ పలక్కపోతే రెండోది తోటలోకి. ఈ పద్ధతి ఊరందరికీ తెలుసు.

అత్తగారు లేని ఇల్లు. తాళాలూ పెత్తనమూ నావే. తూటాల పెట్టె కూడా బియ్యం గదిలో నా చేతికిందే ఉండేది. పాతికేళ్లు నిండకుండానే అందరికీ బుద్ధులు చెప్పేదాన్ని.

పంతొమ్మిదివందల యాభైల్లో ఒక ఏడు మావగారు తూటాల కోసం విశాఖపట్నం వెళ్లి సగం పెట్టెతో తిరిగొచ్చారు.

"సీమ నుంచొచ్చే తుపాకీ సామానంతటికీ కస్టమ్సు డ్యూటీ పెంచేసేరటమ్మా. ఓడ దిగిన సరుకు షాపువోడు విడిపించుకోలేకపోతన్నాడు. ఉన్నవాటికి రెండింతల రేటు సెప్తన్నాడు."

"అయితే ఆకాశానికోటి తగలెయ్యడం ఎందుకు మావయ్యా? మబ్బుల్ని సంపుతారా ఏటి?" అన్నాను.

ఆయన నవ్వారు. "అదీ నిజమేలే" అన్నారు. అంతే, మొదటి తూటా మానేశారు. ఆ నెలలోనే రెండు పందులు పడ్డాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తర్వాత ఒకనాడు తెల్లవారింది గానీ మంచు ఇంకా విడలేదు. పొయ్యి రాజేస్తున్నాను. తోటవైపు ఒక మోత. కాసేపటికి ఇంకొకటి, పైకి పోయిన మోత. ఆ తేడా నాకు తెలుసు. "ఎంత సెప్పినా అంతే, మళ్లీ ఆకాశానికి తగలేసేరు" అని విసుక్కున్నాను.

ఇంతలో పాలేరు ఏడుస్తూ వచ్చాడు. తోటలో ఉన్నది పంది కాదు. గేదెకి చెరుకాకు కోసుకోవడానికి వచ్చిన మనిషి. నా మొదటి కాన్పుకి నీళ్లు పోసిన మనిషి. ముందు పైకి తూటా పేలలేదు కాబట్టి ఆమె పలకలేదు. నేను పరుగెత్తి వెళ్లేసరికి ప్రాణం లేదు.

మావగారు తుపాకీ పట్టుకుని స్టేషనుకి నడిచి వెళ్లారు. పైకి పేల్చడం మర్చిపోయానని చెప్పారట. నా మాట ఎత్తలేదు. చచ్చేదాకా ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఆ మంచితనం నన్ను కాల్చినంతగా ఏ తిట్టూ కాల్చలేదు.

ఆయన ఇంటికి తిరిగొచ్చిన చాలా రోజుల తర్వాత, అన్నం వడ్డిస్తుంటే, అడక్కుండానే నాతో ఒక్కసారి అన్నారు.

"ఆ మనిషి పడిపోయినాక పైకి పేల్చేనమ్మా. అలవాటు కదా, పలుకుద్దేమోనని."

పొయ్యి దగ్గర నేను దండగనుకున్నది ఆ తూటానే.