నాయనమ్మ తరఫు రాయబారం

ఆ వేసవిలో నేనొక నవల రాస్తున్నాను. నవ్వించాలనే మొదలుపెట్టాను. చీరల దుకాణం నడిపే ఒక పిరికివాణ్ణి, అతని అత్త నోరుజారిన పాపానికి, నీడల రాజు దగ్గరికి రాయబారిగా పంపుతారు. వచ్చిన ప్రతి రాయబారినీ దీపస్తంభంగా మార్చి సభలో నిలబెట్టుకోవడం ఆ రాజుకు అలవాటు. మనవాడు వణుకుతూనే, "మహారాజా, ఇంత పెద్ద సభకు పరదాలు లేవేంది? టోకు ధరకు ఇప్పిస్త" అంటాడు. ఇబ్రహీంపట్నంలో బట్టల దుకాణంలో పెరిగి, కూరగాయలకు కొత్తిమీర కొసరు రాకపోతే నిద్రపట్టని నాకు అంతకంటే గొప్ప వీరుడు ఎక్కడ దొరుకుతాడు?

మధ్యాహ్నం మా బాపు భోజనానికి వెళ్లాక దుకాణంలో నేనూ నాయనమ్మే మిగిలేవాళ్లం. రాసినంత మేరకు ఆమెకు చదివి వినిపించేదాన్ని. ఆ రోజు, రాయబారి బేరం కుదరక సభలోంచి లేచిపోయే చోటికి వచ్చాను. రాజు వెనక నుంచి పిలుస్తాడు, వీడు తిరగడు. మా బజారులో అది అందరికీ తెలిసిన విద్య. ధర నచ్చకపోతే మెట్లు దిగి నడవాలి. మూడో పిలుపు దాకా తల తిప్పకూడదు. ముందే తిరిగామా, మన అవసరం అవతలివాడికి తెలిసిపోయినట్టే.

నాయనమ్మ నవ్వలేదు.

"నన్ను గూడ పిలుస్తున్నరు బిడ్డ. పేరు వెట్టి. నిన్న ఒకపారి, ఇయాల పొద్దుగాల ఒకపారి. నేను పలకలే. మూడోపారి పిలిస్తె పలకాలె గద?"

ఆమెను పేరుతో పిలిచేవాళ్లు ఊళ్లో ఒక్కరూ మిగల్లేదు. జల్‌పల్లిలో ఉండే చెల్లెలైనా అక్కా అనే అంటుంది. ఒక పెళ్లిలో మాటామాటా పెరిగి వాళ్లిద్దరికీ ఏళ్లుగా మాటల్లేవు. శుక్రవారం వస్తానని ఆ చెల్లెలు ఆ వారమే కబురు పంపింది.

"అది వచ్చేదాక ఆగమని ఆ పిలిచెటోళ్లకు చెప్పు. పోయి మాట్లాడు."

"నేనా? నాకేం తెలుసు నాయనమ్మా, నాతోని కాదు."

"నువ్వు సల్లగ కూసొని ఆ గరీబోన్ని రాజు దగ్గరికి తోల్తివి గద. ఇప్పుడు నువ్వు పో."

గుమ్మంలోకి వెళ్లాను. వీధంతా తెల్లటి ఎండ. అటూ ఇటూ షట్టర్లు సగం దించి ఉన్నాయి. మనిషి లేడు, కుక్క లేదు, గాలి లేదు. తాడుకు వేలాడదీసిన నైటీల్లో మాత్రం ఒకటి ఊగుతోంది. ఎవరితో మాట్లాడాలో తెలియక దానితోనే అన్నాను.

"పదేండ్లు."

లోపలి నుంచి నాయనమ్మ కేకేసింది. "గంతనా? జర తగ్గు!"

"ఐదు." నైటీ ఊగుతూనే ఉంది. "పోనీ, చెల్లె వచ్చి పోయేదాక."

నైటీ ఆగిపోయింది.

లోపలికి తిరిగి ఒక అడుగు వేశానో లేదో, వెనక నుంచి, వెళ్లిపోతున్న గిరాకీని పిలిచినంత మెత్తగా, "ఇగో, బిడ్డా" అని వినిపించింది. నాయనమ్మ నాకు ఎదురుగానే ఉంది. ఆమె పెదాలు కదల్లేదు. చూపు నా భుజం మీదుగా దాటిపోతోంది. నేను తిరగలేదు. రెండోసారీ అదే గొంతు పిలిచింది. వెళ్లి ఆమె పక్కన కూర్చుని కొంగు పట్టుకున్నాను. మూడో పిలుపు రాలేదు.

నవల అక్కడే ఆగిపోయింది.

శుక్రవారం నాయనమ్మ చెల్లెలు, మా చిన్నవ్వ, వచ్చింది. "ఇంత బక్కగైతివేందే అక్కా?" అంది. "నీ లెక్క తిని కూసుంటలేను" అంది నాయనమ్మ. తర్వాత ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. సాయంత్రం చిన్నవ్వ సంచి తీసుకుని లేస్తే, నాయనమ్మ ఆ సంచి మీద కాలు పెట్టి నా వైపు చూసింది. అప్పుడు గుర్తొచ్చింది, నేను అడిగిన గడువు: వచ్చి పోయేదాకా.

"బస్సులు ఫుల్లున్నయి చిన్నవ్వా, రేపు పో" అన్నాను.

రోజూ అదే చెబుతున్నాను. చిన్నవ్వ కొడుకు ఫోన్ చేస్తే ఆమెకు జ్వరమంటున్నాను. మొన్న ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"మీ నాయనమ్మ పొద్దుమాపు గుమ్మం దిక్కే చూస్తది. ఎవలకోసమే?"

"ఒక గిరాకీ ఉన్నడు చిన్నవ్వా" అన్నాను. "బేరం ఇంక తెగలే."