ప్రూఫుల మావయ్య పట్టుగూడు

బతుకంతా అచ్చుతప్పులు దిద్దిన మనిషికి లోకం తప్పులతడకగా కనిపించడంలో వింతేముంది? ప్రూఫుల మావయ్య దుకాణాల బోర్డుల దగ్గర ఆగి మరీ ఒత్తులు సరిచేయించేవాడు. పరామర్శకు వెళ్లిన ఇంట్లో డాక్టరు చీటీకి వంకలు పెట్టేవాడు. "తెలీదు" అన్న మాట మాత్రం ఆయన నోట విన్నవాళ్లు లేరు.

అలాంటివాడికి ఒకరోజు తను పనిచేసే ప్రెస్సు వెనక గోడవార మొలిచిన పిచ్చిమొక్క ఆకు కింద బొటనవేలంత గూడు కనబడింది. గోధుమరంగు, పైన వెండిలా మెరిసే నూగు. ఆకుతో సహా తుంచి గాజుసీసాలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి ఇంటికి తెచ్చాడు.

"అడవి పట్టుపురుగు. చాలా అరుదు," అని భార్యకు ప్రకటించాడు.

"మీకెవరు చెప్పారు?"

"ఒకళ్లు చెప్పాలా? చూస్తే తెలియట్లా?"

"చూస్తే నాకు ఎలక పెంటికలా ఉంది," అందావిడ.

తన మాటకు ముద్ర వేయించుకుందామని పక్కవీధిలో కీటకశాస్త్రం చెప్పే లెక్చరరమ్మకు చూపించాడు. ఆవిడ సీసాని వెలుతురుకెత్తి అటూ ఇటూ తిప్పింది.

"గొంగళిపురుగు అల్లుకున్న గూడేనండీ. ఏ రకమో ఇప్పుడే చెప్పలేను. లోపల ఇంకేదైనా ఉండొచ్చు కూడా."

గుమ్మం దాటగానే మావయ్య పెదవి విరిచాడు. "చెప్పలేననడానికి అంత చదువెందుకో!"

మర్నాడు ప్రెస్సంతా పట్టు గురించే. యజమాని మరీ మురిసిపోయి, గోడవార పిచ్చిమొక్కలకు రోజూ నీళ్లు పోయించడం మొదలుపెట్టాడు.

కొన్నాళ్లకి గూడు కదిలింది. మావయ్య హడావుడిగా యజమానినీ బావమరిదినీ ఇంటికి పిలిచి, అందరికీ టీలు ఇప్పించి, గుడ్డ విప్పాడు.

"చూడండి, అరచేయంత రెక్కలు!"

గూటికి సూదిమొనంత బెజ్జం పడింది. అందులోంచి దోమపాటి నల్లటి పురుగొకటి వచ్చింది. దాని వెనకే ఇంకోటి. ఆపైన బిలబిలమంటూ గుంపే వచ్చింది. రెండు యజమాని టీలో పడ్డాయి.

"పట్టుచీర నేసుకుని వచ్చాయా బావా?" అన్నాడు బావమరిది. మావయ్య భార్య నవ్వాపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

కబురందుకుని వచ్చిన లెక్చరరమ్మ విషయం విప్పింది. "ఇవి కందిరీగ జాతివి. గూట్లో ఉన్నదాని ఒంట్లో గుడ్లు పెడతాయి. పిల్లలు దాన్ని లోపల్నుంచి తినేసి బయటికొస్తాయి. మీ గొంగళి ఎప్పుడో పోయిందండీ."

మావయ్య గొంతు సవరించుకున్నాడు. "నాకూ మొదట్నుంచీ అదే అనుమానం."

అందరూ టీ గ్లాసుల్లోకి తల వంచేశారు. తలెత్తితే నవ్వొస్తుందని.

అందరూ వెళ్లాక ఆయన గూడు చీల్చి చూశాడు. పైకి అంత నిగనిగలాడిన దాంట్లో ఎండు తొక్క తప్ప ఏమీ లేదు. అంత మెరుపు చూసి ఎలా మోసపోయానా అని ఆయన వాపోయాడు. అలా మోసపోయి ఆయన్ని కట్టుకున్న భార్య పక్కనే ఖాళీ టీ గ్లాసులు ఏరుతోంది.

మర్నాడు యజమాని పిచ్చిమొక్కలన్నీ పీకించేశాడు. మావయ్య ఆ పక్కనే నిలబడి, పీకే పనివాళ్లకు కందిరీగల గురించి పాఠం చెప్పసాగాడు.