కండువా కింద బేరం

టీవీలో రెండు దేశాల వాళ్లూ ఒకరినొకరు తిట్టుకుంటున్న వారంలోనే నా మక్కజొన్నల లారీ బంగ్లాదేశ్‌కు బయలుదేరాలి. సిద్దిపేట మార్కెట్ యార్డులో నాది రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం. పొద్దున్నే పక్క దుకాణదారుడు వచ్చి నిలబడ్డాడు.

"ఇంకా గాళ్లకే పంపుతవా? పౌరుషం లేదా నీకు?"

ఒళ్లు మండింది. "సర్కారు వద్దన్నదా? అన్లే. నడుమ నువ్వెవనివి?"

ఆ బేరం నేను ఫోన్లో చేసింది కాదు. ఈ తిట్లు మొదలుకాకముందే ఢాకా నుంచి కోళ్ల దాణా వ్యాపారి స్వయంగా వచ్చాడు. ఇద్దరిదీ వచ్చీరాని హిందీయే. మా బాపు పశువుల అంగడిలో చేసినట్టు, చేతుల మీద కండువా కప్పి, కింద వేళ్లు పట్టి ధర చెప్పాను. ఆయన పకపకా నవ్వి, నా వేళ్లు పట్టి తన ధర చెప్పాడు. కండువా తీశాక ధర మారదు, మాట మారదు. మార్చినవాడి కండువా కింద ఈ యార్డులో మళ్లీ ఎవడూ చెయ్యి పెట్టడు. ఆ రోజు కూడా ఈ పక్కాయన, "గాయనకు చాయ్ ఎందుకు, దండుగ" అని గొణిగాడు.

"పెద్ద దేశం మనది. మనం ఇయ్యకుంటే ఏడ్సుకుంట వస్తరు" అన్నాడిప్పుడు.

"ఎందుకొస్తరు? పెద్దింటోడు తలుపేసుకుంటే పక్కింటోడు పస్తులుంటడా? ఇంకో ఇల్లు చూసుకుంటడు. రేపు మనకు అక్కరవడితే మన మొఖం చూడడు. పెద్దోళ్లమైతే పెద్దరికం ఉండాలె!"

ఆయన ఊరుకోలేదు. హమాలీలకు ఏవేవో నూరిపోశాడు. వాళ్లు లారీ వంక చూడకుండా బీడీలు ముట్టించారు. సాయంత్రంలోగా లారీ కదలకపోతే నా మాట పోతుంది. సరే, మీరు ఎత్తకపోతే నేనే ఎత్తుతా అని చొక్కా విప్పి బస్తా వీపుకెత్తుకున్నాను. నడుం కటుక్కుమంది. యార్డంతా ఒకటే నవ్వు. నవ్వితే నవ్వనీ అని ఇంకో బస్తా మీద చెయ్యి వేశాను.

హమాలీ పెద్ద లేచి వచ్చాడు. "కండువా తీసిన బేరమా సేటూ?"

"తీసిన బేరమే."

"గా ముచ్చట ముందుగాల చెప్పద్దా! జరుగు, నడుం ఇరుగుతది" అంటూ తలకు తువ్వాలు చుట్టాడు. పొద్దు గూకకముందే లారీ గేటు దాటింది.

టీవీలో కొట్లాట చల్లారాక ఢాకా ఆయన మళ్లీ వచ్చాడు. ఆ వెనకే పక్కాయన, పళ్లికిలించుకుంటూ. "అన్నా, నా మక్కలకు గూడ జర మాట కలుపు."

"ముందుగాల గాయనకు చాయ్ తెచ్చియ్యి."

పోయాడు. తనే తెచ్చాడు. ఢాకా ఆయన చాయ్ తాగి, నవ్వుతూ చెయ్యి చాచాడు. నేను నా భుజం మీది కండువా తీసి పక్కాయన మీదికి విసిరాను.

"పట్టు, కప్పు. తీసినంక మాట మార్చినవో, యార్డు గేటు దాటేదాక నేనే తరుముత."