ఆదివారం అవ్వ

నిన్న బండి మీద సీతాఫలాలు కనిపిస్తే నాలుగు తెచ్చి, మగ్గడానికి పాత పేపర్లో చుట్టి పెట్టాను. పొద్దున వంటింటి నిండా ఆ తీపి వాసన, దాని వెనకే చెమ్మ పట్టిన పేపరు వాసన. వనపర్తిలోని మా పాత ఇల్లు అక్కడ కూర్చుని ఉన్నట్టనిపించి, కాసేపు లోపలికి వెళ్లబుద్ధి కాలేదు.

మా నాయిన బడిపంతులు. ఊరికి మాత్రం ‘అవ్వ సారు’. ఆదివారం జిల్లా పేపర్లో తన తల్లి, అంటే మా అవ్వ, అన్న మాటలుగా నవ్వుల శీర్షిక రాసేవాడు. వానాకాలం మక్కకంకులు కాలే పొయ్యి ముందు, ఎండాకాలం తడి గోనె చుట్టిన కుండ పక్కన, అవ్వ ఎక్కడ కూర్చుని ఎవరిని తిట్టినా నాయిన చెవి అక్కడే ఉండేది. “కరెంటు మన పెద్దల్లుని లెక్కరా, వచ్చిండని సంబురపడేలోపే అలిగిపోతడు” అన్న మాట గోపాల్‌పేట దాకా పాకింది. ఓసారి అవ్వ జ్వరం పడి లేస్తే, పేపర్లో ఆమెను చంపి యముడి దగ్గరికి పంపాడు. అక్కడ జొన్నరొట్టె లేదని యముణ్ణి దులిపేసి, మరుసటి ఆదివారమే ఆమె తిరిగొచ్చింది. అది చదివించుకుని అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది.

తర్వాతి వానాకాలం అవ్వ నిజంగానే పోయింది. శీర్షిక మాత్రం ఆగలేదు; మా వీధి దాటి ఆమె పోయిన సంగతి ఎవరికీ తెలియనూ లేదు. రాసిన ప్రతి వాక్యాన్నీ అవ్వ గొంతుతో పైకి అని చూసుకోవడం నాయినకు అలవాటు. సాయంత్రం అరుగు మీంచి ఆ గొంతు వినపడగానే రొట్టె కొడుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయేది. నేను అమ్మ కొంగు పట్టుకునేదాన్ని.

పెత్తరమాస వచ్చింది. పోయిన పెద్దలకు పెట్టుకునే రోజు కదా, అవ్వ పేరున విస్తరి వేసి గారెలు వడ్డిస్తుండగా, గోపాల్‌పేట పండ్ల వ్యాపారి కాసిం మామ గంపతో వచ్చాడు.

“మొన్న ఆదివారం పేపర్ల అవ్వ సీతాఫలాలు అడిగింది గద సారూ. జర పిలువుండ్రి, ఆమె చేతికే ఇస్త.”

నాయిన తడబడ్డాడు. “పండుకున్నది, కాసిం.”

అతను వెళ్లాక అమ్మ నిలదీసింది: “పండుకుంటే గీ ఇస్తరి ఎవలికేసినం?”

ఆ ఆదివారం నాయిన నిజం రాశాడు. మా అవ్వ పోయింది, ఇంక రాదు అని. ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. హోటల్లో చాయ్ తాగుతున్న నాయిన చెయ్యి పట్టుకుని కాసిం మామ ఊపేశాడట: “మల్ల పోయిందా సారూ! ఈసారి యమునికి ఏం మూడిందో. వచ్చే ఆదివారం జల్ది రమ్మనుండ్రి!”

నాయిన ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. “ఎవ్వలు నమ్ముతలేరే. మా అవ్వకు ఒక్కడన్న ఏడుస్తలేడు” అని అమ్మతో అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకు చచ్చేంత భయమేసింది. ఆ వారమే అరుగు మీంచి మళ్లీ అవ్వ గొంతు, యముణ్ణి తిడుతూ. అమ్మ లేచి వెళ్లి తలుపేసింది.

ఆ జిల్లా పేజీలు ఎప్పుడో ఆగిపోయాయి. ఆ మాటతీరు మా పిల్లలకు రాదు. నాయినా పోయాడు, వెనకే అమ్మా. అవ్వ నన్నెలా పిలిచేదో గుర్తు తెచ్చుకోబోతే నాయిన గొంతే వినపడుతుంది. నా దగ్గరున్న అవ్వ మాటల్లో నిజంగా ఆమె అన్నది ఒక్కటైనా ఉందో, అన్నీ ఆయన రాసినవేనో నాకు తెలియదు. తెలిసినవాళ్లు ఎవరూ మిగల్లేదు.