మా అన్న చెక్కిన కోరమీసాల సింటర్‌క్లాస్

"చెల్లె, నా చేతిపని పిల్లలు తింటరట" అని మా అన్న గంగరాజం ఫోన్‌లో చెప్పినప్పుడు ముందు నాకేమీ అర్థం కాలేదు. వడ్రంగి పనిని తినేదెవరు? అన్న సౌదీలోని అల్ ఖోబర్‌లో విదేశీ ఇంజినీర్ల కుటుంబాలుండే ఒక కాంపౌండ్‌లో మెయింటెనెన్స్ కార్పెంటర్. అంతకుముందు పదమూడేళ్లు స్లాబు పోయడానికి కింద బిగించే పలకల పని, షట్టరింగ్ కొట్టాడు. ఆ కాంపౌండ్‌లోని డచ్ వాళ్లు డిసెంబరు మొదట్లో పిల్లల కోసం సింటర్‌క్లాస్ పండగ చేసుకుంటారు. తెల్లగడ్డం సాధువు ఒకాయన గుర్రమెక్కి వచ్చి కానుకలు ఇస్తాడు. గుర్రం తినడానికని పిల్లలు బూట్లలో క్యారెట్లు పెట్టి ఉంచుతారు. ఆ పండక్కి చేసే మసాలా బిస్కెట్లకు చెక్క అచ్చు ఉండాలి. అన్నెకె అనే మేడం ఇంట్లో అమ్మమ్మ కాలం నాటి అచ్చు ఇల్లు మారేటప్పుడు పగిలిపోతే, కొత్తది చెక్కమని అన్నను అడిగారు. మా మెట్‌పల్లిలో ఏ పెళ్లిలోనైనా అన్నను "సౌదీల ఉంటడు" అని పరిచయం చేస్తారు తప్ప, ఏం పని చేస్తాడో ఒక్కరూ చెప్పరు. పదిమందిలో ఎవరైనా అన్న పేరు పెట్టి మెచ్చుకుంటే నా చెవులతో వినాలనిపించింది. అందుకే బయల్దేరాను.

మేముండేది రియాద్‌లో. మా ఆయనకు డ్యూటీ ఉండటంతో, ఆరేళ్ల మా సాన్విని తీసుకుని శుక్రవారం ఉదయం రైలెక్కాను. దమ్మామ్‌కు నాలుగు గంటలు దాటుతుంది. ముందుగా కొన్నందువల్ల ఇద్దరికీ కలిపి నూట అరవై రియాళ్ల లోపే అయింది. శుక్రవారం నమాజు వేళకు దుకాణాలు మూసేస్తారని తెలుసు కాబట్టి పులిహోర కట్టుకున్నాను. దారంతా ఇసుకే. హఫూఫ్ దగ్గర ఖర్జూర తోటలు కనిపించాక సాన్వి కిటికీ వదల్లేదు. దమ్మామ్ స్టేషన్ నుంచి ఖోబర్‌కు ట్యాక్సీ యాభై రియాళ్లు, అరగంట ప్రయాణం. డ్రైవరు రాయచోటి ఆయన. సాధువు గుర్రం, బూట్లలో క్యారెట్లు అని నేను చెబుతుంటే శ్రద్ధగా విని, "బిడ్డల పండగ యాడైనా ఒగటే మ్మా. తినేదుండల్ల, దాచేదుండల్ల" అన్నాడు. ఆ దాచే సంగతే కాసేపట్లో నాకు మంట పుట్టిస్తుందని అప్పుడు తెలియదు.

అన్నతో కలిసి వాళ్లింటికి వెళ్లగానే అన్నెకె మేడం నవ్వుతూ లోపలికి తీసుకెళ్లారు. వంటింట్లో దాల్చినచెక్క, లవంగాల వాసన గుప్పుమంది. అచ్చుకు నూనె పూసి, పిండి చల్లి, ముద్ద ఒత్తి చూపించాడు అన్న. షట్టరింగ్ పలకకు ఆయిల్ పూసేదీ ఇట్లాగే అట. పలకలో గుంట ఎలా తొలిస్తే బొమ్మ అలా పైకి లేస్తుందనే లెక్క అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు. నేను పొంగిపోతూ, పిల్లలకు అన్నను చూపించి చెబుతారా అని మేడంను అడిగాను. ఆమె కాస్త ఇబ్బంది పడుతూనే చెప్పలేమన్నారు. అన్నీ సాధువే తెచ్చాడని పిల్లలు నమ్ముతారట. కానుక ఎవరిదో, తీపి ఎవరు చేశారో పెద్దవాళ్లు బయటపెట్టకూడదట. నాకు ఒళ్లు మండింది. నాలుగు వందల కిలోమీటర్లు వచ్చింది అన్న పేరు దాచిపెట్టడం చూడటానికా?

"పోనీ తియ్యి చెల్లె. స్లాబు నిలవడ్డంక షట్టరింగ్ ఎవడు కొట్టిండని ఎవరన్న అడుగుతరా?" అన్నాడు అన్న. అతని ఓపిక చూస్తే నా కోపం ఇంకా పెరిగింది.

నాలుగింటికి క్లబ్‌హౌస్ హాలు పిల్లలతో నిండిపోయింది. ఎర్ర అంగీ వేసుకుని, దూది గడ్డం, మీసాలు పెట్టుకున్న ఒక ఇంజినీరు గుర్రానికి బదులు గోల్ఫ్ బండిలో వచ్చి దిగాడు. బిస్కెట్ల పళ్లెం తిరిగింది. గుర్రం జూలు, అంగీ మడతలు, చేతికర్ర ఎంత తీరుగా వచ్చాయో! అప్పుడు సాన్వి బిస్కెట్ పైకెత్తి, "అమ్మా, మల్లన్న!" అని అరిచింది. పరీక్షగా చూశాను. నిజమే, బిస్కెట్ మీది సాధువుకు మా వైపు మల్లన్న దేవుడికున్నట్టే చెంపల దాకా మెలితిరిగిన కోరమీసాలు. పాత అచ్చు సరిగ్గా ముఖం దగ్గరే పగిలిందని అన్న నెమ్మదిగా చెప్పాడు. "ఆ ముక్క దొరకలే. గుర్రమెక్కిన దేవుడంటే నాకు మల్లన్ననే యాదికొచ్చిండు."

అంతలో ఏడేళ్ల డచ్ పిల్లాడొకడు లేచి బిస్కెట్ చూపిస్తూ, ఈయన సింటర్‌క్లాస్ కాదు, ఆయనకు ఇలాంటి మీసాలుండవు అని గట్టిగా అన్నాడు. మిగతా పిల్లలంతా సాధువు ముఖం, బిస్కెట్ ముఖం మార్చి మార్చి చూశారు. పండగంతా ఆ నమ్మకం మీదే నడుస్తోంది మరి. అన్న ముఖం పాలిపోయింది. నా కోపం ఎటుపోయిందో గానీ, నేల చీలితే ఇద్దరం అందులో దూరిపోదామనిపించింది.

సాధువు ఆ పిల్లాడి చేతిలోని బిస్కెట్ తీసుకుని తీరిగ్గా చూశాడు. తర్వాత రెండు చేతులతో తన దూది మీసాలను పట్టి, మెల్లగా పైకి మెలితిప్పాడు. ఎడారి దారిలో వచ్చినప్పుడల్లా నా మీసాలు ఇలాగే లేస్తాయి, మీకు తెలియదా అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. ఆ పిల్లాడు ముందు మీసాలే కొరికాడు.

అందరూ వెళ్లాక, మీసాలు సన్నగా చేసిస్తానని అన్న అచ్చు తీసుకోబోయాడు. అన్నెకె మేడం ముట్టనివ్వలేదు. అచ్చు తిరగేసి, పాతదాని వెనక చెక్కినవాడి అక్షరాలుండేవని, వెనకవైపు పిల్లలు చూడరని, ఇక్కడ నీ పేరు చెక్కమని అడిగారు. అన్న ఉలి పట్టుకుని నావైపు చూశాడు.

"తెలుగుల రాయాల్నా, చెల్లె?"

"తెలుగులనే రాయి. ఇంటిపేరు గూడ రాయి."

మొదటి 'మ' అచ్చులో అన్నీ తిరగేసి చెక్కే అలవాటు కొద్దీ తిరగేసి గీసి నాలుక కరుచుకున్నాడు. దాన్ని చెరిపి, మామిడాల గంగరాజం అని గుండ్రంగా చెక్కాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత గర్వం నా పెళ్లినాడు కూడా పడలేదని చెబితే మా ఆయన నొచ్చుకుంటాడు గానీ, నిజం అదే.

అన్నెకె మేడం వాళ్లు వచ్చే ఏడు స్వదేశం వెళ్లిపోతారట. అచ్చూ వాళ్లతోనే పోతుంది. ఎప్పుడో వాళ్ల మనవరాలు దాన్ని కడిగి ఆరబెడుతూ వెనక్కి తిప్పుతుంది. ఆ అక్షరాలు చదవలేకపోయినా, ఇది ఒక మనిషి చేసిన పని అనైతే తెలుస్తుంది. నేను వినాలని వెళ్లిన పేరు ఎవరి నోటా వినలేదు. అయినా తృప్తిగానే తిరిగొచ్చాను. మీరూ ఇలాంటి కాంపౌండ్‌కు పండగ చూడ్డానికి వెళ్తుంటే ఒక మాట గుర్తుంచుకోండి: ఇకామాలో, అంటే ఇక్కడి నివాస కార్డులో ఉన్నట్టే మీ పేరు ఒక రోజు ముందు గేటుకు అందేలా చూసుకోండి, ఇకామా వెంట ఉంచుకోండి. నా పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చిందని సెక్యూరిటీ వాళ్లు మమ్మల్ని అరగంట నిలబెట్టారు. పోయేటప్పుడు తిట్టుకున్నాను గానీ, వచ్చేటప్పుడు వాళ్లు చేసిందే సరైన పని అనిపించింది. పేరు విషయంలో అంత పట్టింపు ఉండాల్సిందే.